గాలి యెవరి సొత్తు?

గ్రంథమును విమర్శింపబూనువాడు దానిని చదివి యుండవలెను. నాటకమును విమర్శింపబూనువాడు చూచి యుండవలెను. రేడియోను విమర్శింపబూనువాడు విని యుండవలెను. ఇది యెల్లరు నెరిగిన ధర్మమే. కాని యీ మూడవదానిలో నొక చిక్కు గలదు. గ్రంథమును తపాలాలో తెప్పించుకొనవచ్చును. నాటక సమాజమును మన యూరికి పిలిపించుకొనవచ్చును. గాలిలో పోవు మాటను మాత్రము అది చేరు మేరలోనే వినగలము. మా మిరుదొడ్డిలో నొక సాయంకాలము రేడియో ముల్లును 90.4 అను అంకెపై నిలిపి చాలసేపు చెవియొగ్గి కూర్చుంటిని. హోరు తప్ప మరేమియు వినరాలేదు. ఇంటిలోనివారు యంత్రము చెడినదనుకొనిరి. యంత్రము చెడలేదు. ఆ అంకెపై మాటాడగలవారు మా చుట్టుప్రక్కల లేరు, అంతే.

ఆ అంకెపై మాటాడినవారు జహీరాబాదు సమీపమున, మాచ్‌నూర్ గ్రామమున గలరు. వారు పెట్టుకొన్న పేరు సంఘం రేడియో. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు మాచ్‌నూరును మిరుదొడ్డియు ఒకే మెదకు జిల్లాలోనివి. అది పడమటి యంచున, ఇది తూర్పుదిక్కున. నేడు అది సంగారెడ్డి జిల్లాకును, ఇది సిద్దిపేట జిల్లాకును చెందినవి. ఒక జిల్లాలో పుట్టిన మేలు ఆ జిల్లాలోని రెండవ కొసకు చేరకుండుటకు కారణమేమి? ఆ రేడియో గుణమేమి, దోషమేమి? ఈ రెండు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

మన తెలుగువారికి రేడియో క్రొత్తది కాదు. 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వము హైదరాబాదులోని రేడియో కేంద్రమును స్వాధీనము చేసికొని దక్కన్ రేడియోగా నడపినది. అందు ఉర్దూకే పెద్దపీట. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము వెలసి తెలుగు పలుకులను వినిపించెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో భారత ప్రభుత్వపరమై ఆకాశవాణిలో కలిసిపోయెను. అటుపిమ్మట ఆకాశవాణి మన యిండ్లకు చేసిన మేలు తక్కువది కాదు. సంగీతమును జమీందారుల మేడలనుండి దించి పంచాయతి కార్యాలయపు గోడకు గట్టిన లౌడ్‌స్పీకరులో పెట్టినది అదియే. రైతులకు, స్త్రీలకు, బాలురకు వేరువేరు వేళలు కేటాయించినదియు అదియే. దానిని నిందించుట కృతఘ్నత.

ఐనను ఒక మాట చెప్పక తప్పదు. ఆ గోడక్రింద అరుగుపై కూర్చున్న రైతు అంతయు వినెను గాని తిరిగి యొక మాట యనలేకపోయెను. పురుగుమందు ఎప్పుడు చల్లవలెనో ఆయనకు చెప్పిరి. ఆ మందు కొనుటకు అప్పు ఎచ్చట దెచ్చెనో ఆయనను అడిగినవారు అరుదు. పాఠము బాగుగనే యుండెను. కాని పాఠశాలలోవలె ఒకరు పలుకువారు, తక్కినవారు వినువారు. రేడియోకు నోరొక్కటే యుండి చెవి లేకుండుట ఆ యంత్రము చేసిన తప్పు కాదు. దానిని ఏర్పాటు చేసిన విధానపు తప్పు.

ఆ విధానమునకు మూలము 1885 నాటి టెలిగ్రాఫు చట్టము. తంతి వార్తలకై తెల్లదొరలు చేసిన యా శాసనము నీడలోనే స్వతంత్ర భారతమునందు సయితము గాలిపై సర్వాధికారము ప్రభుత్వముదై నిలిచెను. దానిని కదలించినది రైతుల మొర కాదు, సంస్కర్తల విజ్ఞప్తియు కాదు, క్రికెట్ ఆట! పోటీలను టెలివిజన్‌లో చూపు హక్కు ఎవరిదని బెంగాలు క్రికెట్ సంఘమునకును ప్రభుత్వమునకును వచ్చిన వ్యాజ్యెములో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పెను. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ ధర్మాసనమున గూర్చున్నవారు. గాలి తరంగములు ప్రజల సొత్తనియు, వానిని ప్రజల మేలునకై వినియోగింపవలెననియు ఆ తీర్పు సారాంశము. బంతియాటకై వేసిన వ్యాజ్యెము పొలము దున్నువారికి హక్కు తెచ్చిపెట్టినది.

హక్కు తీర్పులో నుండుట వేరు, చేతికందుట వేరు. 1983లో ప్రారంభమై జహీరాబాదు ప్రాంతమున పస్తాపూర్ కేంద్రముగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అప్పటికే పేద దళిత స్త్రీలను ఊరూర సంఘములుగా గూర్చి యుండెను. పడావుపడిన భూములను సాగులోనికి దెచ్చుట, జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద మొదలగు మెట్టపంటల విత్తనములను కాపాడి ఊరిలోనే పంచుకొనుట వారి ప్రధాన కార్యములు. ఆ సంస్థకు సారథియై, 2023 మార్చిలో కన్నుమూసిన పి.వి. సతీశ్ గారు దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. యునెస్కో తోడ్పాటుతో 1998లో మాచ్‌నూర్‌లో రేడియో కేంద్రము సిద్ధమయ్యెను. కాని ప్రసారమునకు అనుమతి లేదు. అప్పుడా స్త్రీలు చేసిన పని మెచ్చదగినది. కార్యక్రమములను టేపుపై నెక్కించి, ఆ క్యాసెట్లను సంఘముల కూటములకు గొనిపోయి, టేపురికార్డరులో వేసి వినిపించిరి. గాలి త్రోవ మూసియుండగా కాలిత్రోవన పోయిరి. ఇట్లు పదేండ్లు గడిచెను.

2000 జూలైలో దేశమందలి సామాజిక రేడియో అభిమానులు హైదరాబాదులోను పస్తాపూర్‌లోను సమావేశమై, ప్రభుత్వ రేడియో, వ్యాపార రేడియో కాక ప్రజల రేడియో యను మూడవ తెగను గుర్తింపవలెనని కోరిరి. ప్రభుత్వము మెల్లమెల్లగా నడిచెను. 2002లో విద్యాసంస్థలకు మాత్రము ద్వారము తెరచిరి. 2004 ఫిబ్రవరి 1న మద్రాసు అన్నా విశ్వవిద్యాలయమున మొదటి కేంద్రము పలికెను. చదువుకొన్నవారి చేతికి మైకు ఇచ్చుటకు రెండేండ్లు, చదువుకొననివారి చేతికిచ్చుటకు మరి నాలుగేండ్లు పట్టినది. 2006 నవంబరులో లాభాపేక్షలేని సంస్థలను గూడ అనుమతించిరి. 2008 అక్టోబరు 15న, ప్రపంచ గ్రామీణ స్త్రీల దినమున, సంఘం రేడియో గాలికెక్కెను. ప్రారంభించినవారు ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంత్ గారే. న్యాయమూర్తి తన తీర్పు ఫలించినచోటికి స్వయముగా వచ్చి చూచుట మన దేశమున తరచుగా జరుగునది కాదు.

ఆ కేంద్రమును నడపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ యను నిద్దరు దళిత యువతులు. రికార్డు చేయుట, కూర్చుట, ప్రసారము చేయుట అన్నియు వారి చేతిపనులే. ప్రసారము సాయంకాలము, పొలమునుండి వచ్చి పొయ్యి రాజవేయు వేళ. విత్తనముల కబుర్లు, పసరు వైద్యము, పండుగలు, బిడ్డల పెంపకము, నాటువేయునప్పుడును విసరునప్పుడును పాడు పాటలు: ఇవి అందు వినవచ్చు విషయములు. పట్టణవాసి యొకడు విని, ఇందేమున్నది, మా అవ్వ చెప్పిన మాటలే గదా యని పెదవి విరువవచ్చును. ఆ యాక్షేపణలోనే ఆ రేడియో ఘనత యున్నది. ఆ అవ్వ మాట వినదగినదని ఇంతకుముందు ఏ ప్రసార కేంద్రమునకును తోచలేదు గదా!

దీనిని కొలుచుటకు ఆ స్త్రీలే మనకొక కొలబద్ద నిచ్చియున్నారు. ఆ సంస్థయందే చిత్రములు తీయు స్త్రీల బృందము గలదు. అందు పెక్కుమందికి అక్షరములు రావు. కెమెరా పట్టు రీతులకు పాశ్చాత్యులు పెట్టిన పేర్లు వారికి అక్కరకు రాలేదు; తమ పేర్లు తామే పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచునట్లు కెమెరా పట్టిన అది పటేలు షాటు. ఏలయన పటేలు గడీ మీదనుండి అట్లే చూచును. కన్నుకు కన్ను సమముగా పట్టిన అది సంఘం షాటు. ఏలయన సంఘమున అందరును ఒకే చాపపై కూర్చుందురు. కళాశాస్త్రమును, సంఘశాస్త్రమును ఇంత క్లుప్తముగా గలిపి చెప్పిన సూత్రమును నేను వేరొకచోట చూచి యుండలేదు.

ఈ కొలబద్దను దృశ్యమునకే గాక శబ్దమునకును వర్తింపవచ్చును. పటేలు గొంతును గలదు, సంఘపు గొంతును గలదు. రైతులారా, ఇట్లు చేయుడని ఎత్తునుండి పలుకునది మొదటిది. నేనిట్లు చేసితిని, నీవేమి చేసితివక్కా యని యడుగునది రెండవది. మొదటి గొంతు ఎంత మంచి మాట చెప్పినను వినువాడు చిన్నబోవును. రెండవ గొంతు తప్పు చెప్పినను దిద్దుటకు వీలుండును. సంఘం రేడియో మనకిచ్చిన గొప్ప వస్తువు ఈ రెండవ గొంతే.

భాష విషయమునను ఇంతే. మా సీమలో చలికాలపు పంటను యాసంగి యందురు. ప్రసార కేంద్రములు చిరకాలము రబీ యనినవి. మేము తైదలందుము, వారు రాగులనిరి. మేము మక్కలందుము; వారు మొక్కజొన్న యనిరి. ఇవి చిన్న భేదములని తోచవచ్చును. కాని తన నోట పుట్టిన మాట పెద్దల సభలో నొకనాడును వినరాకున్న మనుష్యునకు తన మాట తప్పు మాట యను భయము పుట్టును. ఆ భయము పిమ్మట బ్యాంకులోను, ఆసుపత్రిలోను, కచ్చేరిలోను అతని గొంతు నొక్కివేయును. సంఘం రేడియో మెదకు పల్లె మాటను దిద్దక, దాచక, వెక్కిరింపక పలికినది. దీనిని మెచ్చుచున్న నేను ఇట్టి గ్రాంథిక వాక్యములు వ్రాయుచుండుట చూచి చదువరులు నవ్వవచ్చును. నవ్వుడు, ఆ నవ్వు న్యాయమైనదే.

ఇంతవరకు గుణములు. ఇక లోపములు చెప్పవలెను. వానిలో పెద్దది ఆ రేడియోది కాదు, దానిని బంధించిన శాసనముది.

సామాజిక రేడియో స్వంతముగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్లు తిరిగి వినిపింపవచ్చును. వాతావరణము, పరీక్షలు, ఉద్యోగ ప్రకటనలు, జాతరలు, నీటి సరఫరా, కరెంటు మొదలైనవి వార్తలు కావని నియమములందే మినహాయింపు గలదు. కనుక, రేపు నల్లానీరు ఏ వేళకు వచ్చునో చెప్పవచ్చును. నిన్న నీరు ఏల రాలేదని సర్పంచిని అడిగిన అది సమాచారమా, వార్తయా? ఈ గీత ఎచ్చట గీయబడినదో చిన్న కేంద్రము నడపు స్త్రీకి ఎవరు చెప్పగలరు? గీత తెలియనివాడు దానికి బహుదూరమున నిలుచును. నిషేధముకన్న ఈ సంకోచమే గొంతునకు ఎక్కువ హాని. ఈ నియమమును ప్రశ్నించుచు 2013లో కామన్ కాజ్ అను సంస్థ సుప్రీంకోర్టునకు పోయినది. ఏ పత్రికయైనను వ్రాయవచ్చునట్టి మాటను, ఏ టెలివిజనైనను చూపవచ్చునట్టి మాటను, చదువురాని పల్లెకు మిక్కిలి దగ్గరదైన రేడియో మాత్రము పలుకరాదనుట ఏ తర్కమునకును నిలువదు.

ఇది మాకు ఊహాప్రశ్న కాదు. మిరుదొడ్డికి సమీపమున తొగుట మండలము గలదు. కాళేశ్వరము నీటితో నింపుటకై 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగరము అచ్చట కట్టబడి 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమయ్యెను. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ మొదలైన గ్రామములు దాని క్రింద మునిగినవి. ఆ జనులు గజ్వేలు దగ్గర కట్టిన కాలనీకి తరలిపోయిరి. జలాశయము వలన పొలములకు నీరు వచ్చుట మేలే. దానిని కాదనుట నా యుద్దేశము కాదు. కాని వేములఘాట్‌లో రైతులు భూమి ఇయ్యమని దీక్షలు చేసిన దినములలో, ఇచ్చిన గ్రామము మాట ఇయ్యని గ్రామమునకును, నీరు రానున్న గ్రామము మాట మునుగనున్న గ్రామమునకును సూటిగా చేరు సాధనమేది? రాజధాని పత్రికలు వారిని గూర్చి వ్రాసినవి. టెలివిజన్లు వారిని చూపినవి. వారు ఒకరితోనొకరు మాటాడుకొను వేదిక మాత్రము లేదు. మా మండలమున నొక సామాజిక రేడియో యుండెనేని, భూమికి ఎంత ధర, ఎప్పుడు చెల్లింపు, ఇల్లు ఎచ్చట, చెరువు క్రింద పోయిన బొడ్రాయికి మారేమి యని ఊరు ఊరినడిగెడిది. కాని శాసనమును చూడగా, ఉండినను అడుగలేకపోయెడిదేమో! మా వాగు పొంగిన సంగతి చెప్పనిచ్చి, మా ఊరు మునిగిన సంగతి చెప్పనీయని రేడియో సంఘపు గొంతు పూర్తిగా కాజాలదు.

మా పెద్దల కాలమున సభ జరుపవలెనన్న ముందు సర్కారు అనుమతి వలయునని నిజాము రాజ్యమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుండెడిది. నేటి నియమమును దానితో సరిపోల్చుట అతిశయోక్తి. నాటిది ప్రభువు ఆజ్ఞ, నేటిది మనమెన్నుకొన్న ప్రభుత్వపు నియమము. అయినను రెంటికిని మూలమైన భయమొక్కటే: జనులు తమలో తాము మాటాడుకొన్న ఏమగునో యని. ఆ భయమునకు నాటివారిచ్చిన సమాధానము మన జిల్లాలోనే గలదు. ప్రథమాంధ్ర మహాసభ 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జోగిపేటలో, అనగా ఈ మెదకు నేలమీదనే, జరిగినది.

రెండవ లోపము ధనము. సామాజిక రేడియో లాభము గడింపరాదు, అది ధర్మమే. కాని కరెంటు బిల్లు ధర్మముతో తీరదు. 2012 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఈ కేంద్రముల వార్షిక తరంగ రుసుమును 19,700 రూపాయలనుండి ఒక్కసారిగా 91,000 రూపాయలకు పెంచినది. అప్పుడు దేశమందలి చిన్న కేంద్రములు మే 9న మౌనము పాటించి తమ నిరసన తెలిపినవి. మాటాడుటయే వృత్తియైనవారు మౌనమును ఆయుధముగా చేసికొనిరి. పిదప ఆ పెంపు ఉపసంహరింపబడెను. ప్రకటనలకు మొదట గంటకు 5 నిమిషములు, పిమ్మట 7 నిమిషములు అనుమతించిరి. 2024 ఫిబ్రవరిలో విడుదలైన నియమములలో దానిని 12 నిమిషములు చేసి, అనుమతి కాలమును పదేండ్లకు పొడిగించిరి. ఇది కొంత మేలు. కాని పల్లెలో ప్రకటన ఇచ్చునదెవరు? ఎరువుల దుకాణమువాడు, పురుగుమందుల కంపెనీవాడు. మందు వలదనువారి రేడియో మందు ప్రకటనతో బ్రతుకుట యెట్లు? సర్కారు ప్రకటనల మీద బ్రతుకవచ్చును. అప్పుడు సర్కారును అడుగు నోరు మరికొంత ముడుచుకొనును.

మూడవ లోపము సంఘం రేడియోకే చెప్పదగినది. అది ఒక సంస్థ ఒడిలో పుట్టి పెరిగిన బిడ్డ. ఆ సంస్థకు వ్యవసాయము విషయమున దృఢమైన సిద్ధాంతము గలదు. మెట్టధాన్యములను పెంచుట, జన్యుమార్పిడి పత్తిని వ్యతిరేకించుట దాని వ్రతములు. ఆ వ్రతములపై నాకును గౌరవము గలదు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటరు బహుమానము ఆ సంస్థకు లభించుట ఉచితమే. కాని రేడియో వ్రతము వేరు. జహీరాబాదు సీమలోనే చెరకు నాటు రైతులు గలరు. పత్తి వేయువారును గలరు. అప్పుచేసి పత్తి వేసిన రైతు ఆ మైకు ముందు కూర్చుండి, తైదలు నాకేల గిట్టలేదో వినుడని తన లెక్క తాను చెప్పిననాడే అది సంపూర్ణముగా సంఘపు రేడియో యగును. ఒకే చాపపై కూర్చుండుట యన్న, మన మాట ఒప్పుకొననివానికి గూడ చాపపై చోటిచ్చుట. పాత పంటల మేలు చెప్పు వేయి పాటలకన్న, ఎదిరి మాట చెప్పిన యొక్క రైతుకు ఓపికగా చెప్పిన జవాబు ఎక్కువ ఫలమిచ్చును. పరదేశములనుండి వచ్చి చూచి, ఫొటోలు దీసికొని, మెచ్చి పోవు అతిథులు ఈ మాట చెప్పరు. ఒకే జిల్లావారము గనుక మేము చెప్పుచున్నాము.

నాలుగవ లోపము మనది. సామాజిక రేడియోకు నియమములిచ్చిన శక్తి నూరు వాట్లు, స్తంభపు ఎత్తు ముప్పది మీటర్లు. అట్టి దీపపు వెలుగు కొన్ని మైళ్ల దూరమే పోవును. కనుక మాచ్‌నూర్ దీపము మిరుదొడ్డికి కనబడలేదని మాచ్‌నూర్‌ను తప్పుపట్టుట వెర్రి. ఒక్కొక్క సీమ తన దీపము తాను పెట్టుకొనవలెననియే ఆ యేర్పాటు. దేశమున 2024 నాటికి ఇట్టి కేంద్రములు దాదాపు 500. ఆరు లక్షలకు పైబడిన గ్రామములుగల దేశమునకు ఇవి ఏపాటి? వానిలో పెక్కు కళాశాలల ప్రాంగణములలోనివి. హైదరాబాదు విశ్వవిద్యాలయము బోల్ హైదరాబాద్ అను కేంద్రమును పెట్టుకొనగలిగెను. విశ్వవిద్యాలయమునకు గది గలదు, జీతము గలదు. పల్లెలకు మాచ్‌నూర్ వంటిది రెండవది అరుదుగా దొరకును. మనము దానిని అద్భుతమని పొగడితిమి, అద్భుతమని దూరముగ నుంచితిమి. గుడిలో పెట్టి పూజించుట వలన అనుకరింపవలసిన శ్రమ తప్పును గదా!

ఈ సందర్భమున అన్యదేశముల యనుభవమును కొంత చూడదగును. అమెరికాలో 1949 ఏప్రిల్ 15న బర్క్‌లీ నగరమున లూయిస్ హిల్ అను శాంతివాది కె.పి.ఎఫ్.ఏ. అను కేంద్రమును స్థాపించెను. ప్రకటనలు లేవు, ప్రభుత్వ ధనము లేదు. వినువారు పంపు చందాతో దానిని నడపుట ఆయన సంకల్పము. ఆ పద్ధతి నాటుకొని పసిఫికా సంస్థ క్రింద అయిదు నగరములలో కేంద్రములు వెలసినవి. అటుపిమ్మట 1967లో ఆ దేశపు శాసనసభ ప్రజాప్రసారమునకు ధనసహాయము చేయు చట్టమును చేసెను. 1970లో నేషనల్ పబ్లిక్ రేడియో యను కూటమి ఏర్పడి, 1971 మే నెలనుండి దేశమంతట దాని వార్తలు వినవచ్చెను. అది లాభాపేక్షలేని కేంద్రములు కలిసి కట్టుకొన్న వల. అర్ధ శతాబ్దము పిమ్మట, 2025 జూలైలో, అదే శాసనసభ ఆ ధనములో దాదాపు 110 కోట్ల డాలర్లను వెనుకకు దీసికొనెను. ఆ ధనమును పంచు సంస్థ ఆగస్టులో తన పని ముగించుకొనుచున్నట్లు ప్రకటించెను. పెద్ద నగరముల కేంద్రములకు చందాదారులు గలరు; దెబ్బ మిక్కిలి తగులునది ఆ సహాయమునే నమ్ముకొన్న మారుమూల కేంద్రములకు. చందాల పద్ధతి నిష్కంటకమని గూడ అనరాదు. 1999లో బర్క్‌లీ కేంద్రమున యాజమాన్యమునకును పనివారికిని కలహము పుట్టి, తలుపులకు తాళములు పడి, వినువారు వీధికెక్కిరి. అయినను ఒక మాట గమనింపుడు. తమ చందాతో నడచు రేడియో గనుకనే వారు వీధికెక్కిరి. ఊరక వచ్చిన వస్తువు పోయినపుడు ఎవరును వీధికెక్కరు.

మన తెలుగు దేశమునకు ఈ పాఠము పరాయిది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినపుడు సర్కారు సొమ్ము కొరకు ఎవరును కాచుకొని యుండలేదు. పిమ్మట తెలంగాణమున ఊరూర వెలసిన గ్రంథాలయములు వకీళ్ల, ఉపాధ్యాయుల, చిన్న వర్తకుల చందాలతో, గృహిణులు తీసియిచ్చిన చిల్లరతో నడచినవి. ఆనాడు చదువు వచ్చినవాడు రానివానికి చదివి వినిపించెను. ఆ పని కొనసాగింపే యీ రేడియో. భేదమొక్కటి, ఇప్పుడు చదువు రానివాడు గూడ చెప్పును, చదువు వచ్చినవాడు గూడ వినును.

లెక్క చూడుడు. మిరుదొడ్డి చుట్టుప్రక్కల పల్లెలనుండి వేయి కుటుంబములు నెలకు పది రూపాయల చొప్పున ఇచ్చిన, ఏడాదికి లక్షయిరువదివేల రూపాయలగును. అది కేంద్రమును కట్టుటకు చాలదు. కాని కట్టిన కేంద్రము నోరు అమ్ముకొనకుండ నిలుచుటకు అదియొక వెన్నెముక. నియమముల ప్రకారము అనుమతి కోరుటకు లాభాపేక్షలేని సంస్థగా నమోదై, మూడేండ్లైన పనిచేసి యుండవలెను. వ్యక్తులకు, రాజకీయ పక్షములకు అది దొరకదు. ప్రసారములో సగమైనను స్థానికుల పాలుతో తయారు కావలెను. ఈ నియమములు మంచివి. మనకు అడ్డు రావు. అడ్డు వచ్చునది వార్తల నిషేధము. దానిని తొలగింపుమని మన ప్రతినిధులను అడుగుట చదువరులలో ప్రతియొక్కరు చేయగల పని. ఒక యుత్తరము వ్రాయుటకు ఎంత సేపు పట్టును?

ఇంకొక మాట గృహస్థులతో చెప్పి ముగింతును. మనము సంస్కారమును గూర్చి మాటాడునప్పుడెల్ల, పేదలకు ఏమి చెప్పవలెనని ఆలోచింతుము. పరిశుభ్రత చెప్పవలెను, పొదుపు చెప్పవలెను, చదువు చెప్పవలెను. ఇదియు పటేలు షాటే, కాకున్న కొంచెము దయగల పటేలుది. ఇద్దరు నర్సమ్మలు మన సంస్కారమునకు నేర్పిన పాఠము వేరు: చెప్పుటకు ముందు వినుము. మన యింటి పనిమనిషి ఊరిలో ఏ పంట పండెనో, ఆమె అవ్వ ఏ విత్తనము దాచెనో, ఆమె యిల్లు ఏ నీటిక్రింద పోయెనో మనలో నెందరు అడిగితిమి?

ఆ సాయంకాలము 90.4పై నేను విన్న హోరును మొదట నిశ్శబ్దమనుకొంటిని. ఇప్పుడట్లు తోచదు. అది ఖాళీగానున్న చాప. మా సీమవారు వచ్చి కూర్చుండుటకు న్యాయస్థానము పరచి యుంచినది. 1995నుండి అట్లే యున్నది.